పరికరానికి తగిలించిన కంప్యూటర్ ఎవరిది?
ప్రయోగశాలల అధికారులకు, పరికరాల సరఫరాదారులకు బహిరంగ లేఖ

హైదరాబాద్‌లోని ప్రయోగశాలల సంచాలకులకు, కొనుగోలు కమిటీల సభ్యులకు, విద్యుత్, కంప్యూటర్ విభాగాల అధికారులకు, పరికరాలు అమ్మి వాటి నిర్వహణ ఒప్పందాలు రాసుకునే సంస్థలకు...

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను ఈ నగరంలోని ఒక నీటి పరీక్షల ప్రయోగశాలలో పద్నాలుగేళ్లుగా టెక్నికల్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. మా పరికరాన్ని నడిపే కంప్యూటర్ ఎప్పుడు పడితే అప్పుడు ఆగిపోతోందని మార్చి నుంచి ఆగస్టు వరకు మూడుసార్లు రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాను. మొదటిదానికి ‘రీస్టార్ట్ చేసి చూడండి’ అని జవాబు వచ్చింది. రెండోదాని మీద ‘సమస్య తీరింది’ అని రాసి ఫైలు మూసేశారు. మూడోదానికి జవాబే లేదు. అందుకే ఈ ఉత్తరం మీ అందరికీ కలిపి, పదిమందీ చదివేలా రాస్తున్నాను. మా సంస్థ పేరు గానీ, మాకు పరికరం అమ్మినవారి పేరు గానీ ఇందులో రాయడం లేదు. తార్నాక వైపు వాళ్లతో మాట్లాడినా, గచ్చిబౌలి వైపు వాళ్లతో మాట్లాడినా, పటాన్‌చెరు వాళ్లతో మాట్లాడినా ఇదే బాధ విన్నాను. ఒక్కరిని వేలెత్తి చూపిస్తే మిగిలినవారు తమ సంగతి కాదనుకుంటారు.

ముందు జరిగేది ఏమిటో చెబుతాను. మా దగ్గర ఉన్నది అయాన్ క్రొమటోగ్రాఫ్. నీటిలో ఫ్లోరైడ్, క్లోరైడ్, నైట్రేట్, సల్ఫేట్ ఎంతెంత ఉన్నాయో విడివిడిగా తేల్చే యంత్రం. ఒక్కో సీసాకు ఇరవై నిమిషాలు పడుతుంది. శుద్ధజలం మాత్రమే పోసిన బ్లాంకులు, విలువ ముందే తెలిసిన స్టాండర్డ్‌లు కలిపి 36 సీసాలు పెడితే పన్నెండు గంటలు. అందుకని సాయంత్రం ఆరింటికి సీసాలు వరుసగా పేర్చి, ఆ వరుసను కంప్యూటర్‌కు అప్పగించి ఇళ్లకు వెళతాం. సూది ఏ సీసాలో దిగాలో, వాల్వు ఎప్పుడు తిరగాలో, పంపు ద్రావణాన్ని ఎంత వేగంతో తోయాలో చెప్పేది ఆ కంప్యూటరే. డిటెక్టర్ పంపిన సంకేతాన్ని గీతగా రాసుకునేదీ అదే.

పొద్దున్న తలుపు తీయగానే పని చెడిన సంగతి తెలిసిపోతుంది. స్క్రీన్ మీద గీతలు కదలాల్సిన చోట పాస్‌వర్డ్ అడిగే పేజీ ఉంటుంది. పరీక్ష పన్నెండో సీసా దగ్గర ఆగిపోయి ఉంటుంది. కంప్యూటర్ ఆగినా మా పరికరంలో పంపు ఆగదు. చివరగా విన్న ఆజ్ఞనే పట్టుకుని తెల్లవార్లూ తోస్తూనే ఉంటుంది. పైన ద్రావణం సీసా ఖాళీ అయి, గొట్టాల్లో గాలి బుడగలు వరుసకట్టి నడుస్తుంటాయి. వాటిని తరిమేసి, శాంపిల్ లేనప్పుడు చదునుగా సాగాల్సిన గీత, అంటే బేస్‌లైన్ మళ్లీ నిలకడకు వచ్చేసరికి సాయంత్రం అవుతుంది.

దీనివల్ల నష్టపోయేది ఎవరో మీ ముందు పెట్టాలి. ఫిర్యాదు ఫారంలో దానికి గడి లేదు.

1. సీసా తెచ్చిన మనిషి. నల్లగొండ జిల్లాలో మర్రిగూడ వైపు నుంచి ఒక ప్రధానోపాధ్యాయుడు బడి బోరు నీళ్లు పట్టుకుని మా దగ్గరికి వచ్చారు. ఫ్లోరైడ్ గాజును పట్టుకుంటుందని ఎవరో చెబితే గుర్తుపెట్టుకుని, ప్లాస్టిక్ సీసాలు ఆ నీటితోనే మూడుసార్లు కడిగి నింపారు. ప్రతి సీసా మీద తేదీ, గంట, బోరు పేరు తెలుగులో రాసిన కాగితం అతికించి ఉంది. ఐస్ ముక్కలు వేసిన డబ్బాలో పెట్టుకుని, బస్సెక్కి మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌లో దిగి, అక్కడినుంచి ఆటోలో వచ్చారు. నైట్రేట్ చూడాల్సిన నీటిని చలిలో దాచినా 48 గంటల్లోపు పరీక్షించాలన్నది పద్ధతి. ఆయన నీళ్లు పట్టింది ఉదయం ఏడింటికి. ఆ రాత్రి కంప్యూటర్ ఆగింది. మర్నాటి పగలంతా పరికరాన్ని కుదుటపరచడానికే సరిపోయింది. మర్నాటి రాత్రి మళ్లీ ఆగింది. మూడో రోజు పొద్దున్న నేను ఆయనకు ఫోను చేసి, ‘మాస్టారూ, నీళ్లు మళ్లీ పట్టుకు రావాలి’ అని చెప్పాల్సి వచ్చింది. ఆయన కోప్పడలేదు. ‘ఈలోగా పిల్లలను ఆ నీళ్లు తాగమనమంటారా, వద్దనమంటారా?’ అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. అందులో సడలింపు లేదు. దాటిన నీళ్లు పాలడబ్బాలో కలిస్తే చంటిబిడ్డల రక్తం ప్రాణవాయువును మోయలేక వాళ్లు నీలంగా మారతారు.

2. అంకె మీద నమ్మకం. అదే ప్రమాణంలో ఫ్లోరైడ్‌కు హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము. వేరే నీటి ఆధారం లేని చోట 1.5 వరకు ఒప్పుకుంటారు. 1.4 వస్తే ఊరు ఆ బోరు వాడుకుంటుంది, 1.6 వస్తే మూసేయాలి. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్‌ను తీసే పద్ధతికి నల్లగొండ విధానం అనే పేరు వచ్చిందంటే ఆ జిల్లా ఎంత అనుభవించిందో తెలుస్తుంది. అంత సన్నని గీత దగ్గర అంకె ఇచ్చేటప్పుడు, ప్రతి వరుస చివర విలువ తెలిసిన స్టాండర్డ్‌ను నడిపి, యంత్రం అప్పటికీ నిజమే చెబుతోందని రుజువు చేసుకుంటాం. వరుస మధ్యలో తెగితే ఆ చివరి రుజువు ఉండదు. అప్పటిదాకా వచ్చిన పన్నెండు ఫలితాలు కూడా చేతికి వచ్చినట్టే వచ్చి, పనికిరాకుండా పోతాయి. రాత్రి సగం, పగలు సగం అతికించి రిపోర్టు పంపేయాలన్న ఒత్తిడి పైనుంచి వస్తుంది. మా గదిలో ఆ పని చేయలేదు, చేయము. అన్ని గదుల్లోనూ అందరూ అంత గట్టిగా నిలబడతారని హామీ ఇవ్వగలవారు మీలో ఎవరైనా ఉన్నారా?

3. చదువుకునే పిల్లలు. ఫెలోషిప్‌కు గడువుంటుంది, కంప్యూటర్ ఆగినందుకు ఆ గడువు పెరగదు. మా దగ్గర పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయి 90 బావుల నీటిని వానకు ముందు, వాన తర్వాత పోల్చి చూస్తోంది. వానకు ముందు పట్టిన నీళ్లలో మూడు వరుసలు పాడయ్యాయి. వాన వెనక్కి రాదు కదా, ఆ అమ్మాయి మళ్లీ వేసవి దాకా ఆగాలి.

4. ప్రజల డబ్బు. లక్షలు పోసి కొన్న యంత్రం నెలలో ఎనిమిది, తొమ్మిది రోజులు ఊరికే కూర్చుంది.

ఇప్పుడు అసలు ఫిర్యాదు. నిర్వహణ ఒప్పందం ఉన్న సంస్థకు ఫోను చేస్తే, పరికరం బాగానే ఉంది, కంప్యూటర్ మా పరిధిలోకి రాదు అంటారు. మా కంప్యూటర్ విభాగాన్ని అడిగితే, పరికరానికి తగిలించిన కంప్యూటర్ సరఫరాదారుదే, మేం ముట్టుకోం అంటారు. పైగా అందులో ఉన్నది విండోస్ 7. దానికి 2020 జనవరి 14తోనే మద్దతు ఆగిపోయింది కాబట్టి నెట్‌వర్క్ నుంచి తీసేయమంటారు. కొత్త విండోస్ వేద్దామంటే పరికరం సాఫ్ట్‌వేర్ దాని మీద నడవదు. కొత్త సాఫ్ట్‌వేర్ కావాలంటే కొత్త పరికరం కొనాలి. విద్యుత్ విభాగం వచ్చి ప్లగ్గులో 230 వోల్టులు చూసి, అంతా సరిగ్గా ఉందని సంతకం పెట్టి వెళ్లింది. అందరూ తమ తమ గీత దాకా వచ్చి నిజమే చెప్పి వెళ్లారు. యంత్రం మాత్రం ఆ రాత్రీ ఆగింది.

సర్వీసు ఇంజినీరు ఒకసారి వచ్చాడు. మంచి కుర్రాడు, శ్రద్ధగానే పనిచేశాడు. కానీ సాయంత్రంలోపు ఇంకో చోటికి వెళ్లాలి. ఒకే పూటలో కేబుల్ మార్చాడు, డ్రైవర్ (కంప్యూటర్ పరికరంతో మాట్లాడే చిన్న ప్రోగ్రాము) మార్చాడు, సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేశాడు. తొమ్మిది రోజులు బాగుంది, పదో రోజు మళ్లీ మొదలైంది. మూడూ ఒకేసారి మార్చడంతో ఏది దేనికి పనికొచ్చిందో, అసలు పనికొచ్చిందో లేదో చెప్పే దారి లేకుండా పోయింది. ఫైలు మీద ‘సమస్య తీరింది’ అన్న రాత ఆ తొమ్మిది రోజుల్లో పడిందే.

ఆ తర్వాత కారణం వెతకడం మేమే మొదలుపెట్టాం. ఎలా దొరికిందో వివరంగా రాస్తున్నాను. ఇది ఎవరైనా చేయగలిగిన పని అని మీకు తెలియాలి.

మొదట కంప్యూటర్ పక్కన ఒక రిజిస్టరు పెట్టాం. ఆగిన గంట, అప్పుడు పరికరం చేస్తున్న పని, స్క్రీన్ మీద కనిపించింది, గదిలో అప్పుడు నడుస్తున్న ఇతర యంత్రాలు, గది వేడి. ఫోటో తీయకుండా ఎవరూ రీస్టార్ట్ చేయకూడదని నియమం పెట్టుకున్నాం. మూడు వారాలకే ఒక సంగతి తేలింది. మేమంతా ‘క్రాష్’ అని ఒకే మాటతో పిలుస్తున్నది రెండు వేరువేరు జబ్బులు. ఒకదాంట్లో కంప్యూటర్ దానంతటదే ఆరిపోయి మళ్లీ లేస్తుంది. రెండోదాంట్లో కంప్యూటర్ నిక్షేపంగా ఉంటుంది గానీ, పరికరంతో సంబంధం తెగిందని సాఫ్ట్‌వేర్ చెప్పి, బిగుసుకుపోతుంది. ఈ రెండింటినీ విడదీయకుండా ఎన్ని నెలలు మందు వేసినా తగ్గదు.

మొదటిదాన్ని పట్టుకుందాం అనుకున్నాం. విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ అని ఉంటుంది, అది కంప్యూటర్ రాసుకునే దినచర్య. ఆరిపోయిన ప్రతిసారీ అందులో ‘కెర్నెల్ పవర్ 41’ అనే నమోదు ఉంది. సవ్యంగా మూయకుండానే కంప్యూటర్ ఆగిపోయిందని దాని అర్థం. అందులో లోపం సంకేతం సున్నాగా ఉంటే, విండోస్‌కు ఏమీ రాసుకునే వ్యవధి కూడా దొరకలేదన్నమాట. కరెంటు తెగి ఉండాలి, లేదా వేడి భరించలేక యంత్రం తనను తాను ఆపుకుని ఉండాలి, లేదా ఒక్కసారిగా గడ్డకట్టి ఉండాలి. మాకు వచ్చినవన్నీ సున్నాలే. విండోస్ లోపం వల్ల ఆగినప్పుడు చూపే నీలం తెర ఒక్కసారి కూడా రాలేదు, అప్పటి వివరాలు దాచుకునే మినీడంప్ ఫోల్డరు ఖాళీగా ఉంది. అయినా అనుమానం తీరడానికి ఒక ఆదివారమంతా ర్యామ్‌ను పరీక్షించాం. ఒక్క తప్పూ లేదు.

రిజిస్టరులో గంటలు చూస్తే, ఆరిపోయినవన్నీ రాత్రి తొమ్మిదికీ పన్నెండుకీ మధ్యే. ఏప్రిల్, మే నెలల్లోనే ఎక్కువ. కరెంటు ఆదా కోసం సాయంత్రం ఆరు తర్వాత ఏసీలు ఆపాలని మా దగ్గర ఒక ఉత్తర్వు ఉంది. కాపలాదారు ఆ ఉత్తర్వు పాటించి ఆపేస్తున్నాడు. కిటికీలు మూసిన గది, అందులో పరికరం, డీప్ ఫ్రీజర్. బయట పగలు 41, 42 డిగ్రీలు కాసిన గోడలు రాత్రి లోపలికి వేడిని వదులుతాయి. అత్యధిక వేడిని గుర్తుంచుకునే థర్మామీటర్ ఒకటి పెట్టి వెళితే, పొద్దున్నకు 39 చూపించింది. ప్రాసెసర్ వేడిని నిమిషానికోసారి రాసుకునే చిన్న సాఫ్ట్‌వేర్ వేశాం. ఆరిపోవడానికి ముందు చివరి అంకె 98 డిగ్రీలు.

డబ్బా విప్పితే తెలిసిపోయేదే. కానీ డబ్బా మీద సరఫరాదారు అంటించిన సీలు ఉంది. అది చింపితే నిర్వహణ ఒప్పందం రద్దు. నెల రోజులు అనుమతి కోసం ఎదురుచూసి, చివరికి నా సంతకంతో, నా బాధ్యత మీద చింపాను. లోపల ఫ్యాను రెక్కల మధ్య దుమ్ము పేరుకుని, దుప్పటి ముక్కలా చేతికి వచ్చింది. ప్రాసెసర్ వేడిని బయటికి లాగే పేస్టు ఎండి సుద్దలా రాలింది. కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్‌లో, కరెంటును నిలకడగా ఉంచే మూడు కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉన్నాయి. పక్కనున్న మంచివాటి తలలు బల్లలా చదునుగా ఉంటే, ఈ మూడూ పొంగిన పూరీల్లా కనిపించాయి. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ పది డిగ్రీల ఎక్కువ వేడిలో నడిస్తే దాని ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్ చదివిన ప్రతివారికీ తెలుసు. ఎన్ని వేసవి రాత్రులు అవి అలా ఉడికాయో. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి కొత్త ఎస్ఎంపీఎస్, పేస్టు ట్యూబు నా డబ్బుతో కొనుక్కొచ్చాను. మూడు వేలు కూడా కాలేదు. ఆ రోజు నుంచి కంప్యూటర్ దానంతటదే ఆరిపోలేదు.

రెండో జబ్బు అంత తేలిగ్గా దొరకలేదు. సంబంధం తెగడానికి వేళాపాళా లేదు. యూఎస్‌బీ పోర్టులను ఖాళీగా ఉన్నప్పుడు నిద్రపుచ్చే విద్యుత్ పొదుపు ఏర్పాటు విండోస్‌లో ఉంటుంది, దాన్ని ఆపాం. కొంచెం తగ్గింది, పోలేదు. అప్పుడు మా జూనియర్ ఒక పాత స్పీకరు తెచ్చి కంప్యూటర్‌కు తగిలించాడు. యూఎస్‌బీ పరికరం ఊడినప్పుడు విండోస్ ఒక చప్పుడు చేస్తుంది కదా, అది వినడానికి. రెండు రాత్రులు అతను గదిలోనే కూర్చున్నాడు. రెండో రాత్రి రెండున్నరకు నాకు ఫోను చేశాడు. మూలనున్న డీప్ ఫ్రీజర్‌లో రిలే ‘టక్’మంది, కంప్రెసర్ గుర్రుమంది, అదే క్షణంలో స్పీకరు మోగింది. కాసేపటికి మరోసారి. ‘అక్కా, మూడుసార్లు విన్నాను, మూడుసార్లూ టక్ తర్వాతే’ అన్నాడు. నిద్రమత్తులో ఉన్నా ఆ మాటకు లేచి కూర్చున్నాను.

మర్నాడు మల్టీమీటరుతో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య కొలిచాం. రెండు వోల్టుల లోపు ఉండాల్సిన చోట తొమ్మిది ఉంది. విద్యుత్ విభాగం ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య చూసి వెళ్లింది, ఇది చూడలేదు. పరికరం ఒక గోడ ప్లగ్గులో, కంప్యూటర్ ఇంకో గోడ ప్లగ్గులో ఉన్నాయి. రెండిటి ఎర్తింగ్ ఒక్కటి కాదు. ఆ తేడా సర్దుకోవడానికి కరెంటు వాటిని కలిపే యూఎస్‌బీ కేబుల్ తొడుగులోంచి పారుతోంది. కంప్రెసర్ లేచిన ప్రతిసారీ అందులో ఒక కుదుపు. కేబుల్ మార్చినా, డ్రైవర్ మార్చినా, సాఫ్ట్‌వేర్ మార్చినా ఇది ఎలా పోతుంది?

భవనం వెనక్కి వెళ్లి ఎర్తింగ్ తీగ నేలలోకి దిగే ఎర్త్ పిట్ మూత ఎత్తితే, లోపల మట్టి నెర్రెలిచ్చి ఉంది. వేసవిలో ఎర్త్ పిట్‌కు నీళ్లు పోయాలన్నది మన ఊళ్లలో మోటారు షెడ్డు ఉన్న రైతుకు కూడా తెలిసిన సంగతి. ఎర్తింగ్‌కు ఐఎస్ 3043 అని జాతీయ ప్రమాణమే ఉంది. మా పిట్‌లో ఎప్పుడు నీళ్లు పోశారో చెప్పే కాగితం ఎక్కడా దొరకలేదు. ఉప్పు, బొగ్గు వేయించి నాలుగు బిందెల నీళ్లు పోయించాం. ఫ్రీజర్‌ను వేరే లైనుకు మార్చి, పరికరాన్నీ కంప్యూటర్‌నూ ఒకే యూపీఎస్ కిందికి తెచ్చాం. కోఠీ గుజరాతీ గల్లీలో డేటాను పోనిచ్చి కరెంటు దారిని తెంచే ఒక యూఎస్‌బీ ఐసొలేటర్ దొరికితే తెచ్చి మధ్యలో పెట్టాం. తొమ్మిది వోల్టులు ఒకటిన్నరకు దిగాయి. రెండు నెలలుగా ఒక్క వరుస కూడా తెగలేదు.

బాగైంది కదా, ఇంకా ఎందుకు రాస్తున్నారని మీరు అడగవచ్చు. సీలు చింపినందుకు మా పరికరం నిర్వహణ ఒప్పందం రద్దయిందని సరఫరాదారు నోటీసు పంపారు. ఏసీ ఉత్తర్వు అలాగే ఉంది. మేం కనిపెట్టింది ఆరు పేజీల నివేదికగా రాసి ఇస్తే దానికి రసీదు కూడా రాలేదు. మా పక్క భవనంలో విండోస్ 10 కంప్యూటర్ అర్ధరాత్రి అప్‌డేట్ వేసుకుని రీస్టార్ట్ అవుతోందని వాళ్లు ఇప్పటికీ దేవుడి మీద భారం వేస్తున్నారు. దానికి కూడా 2025 అక్టోబరు 14తో మద్దతు ముగిసింది.

‘అప్పుడప్పుడూ ఆగుతుంది, కంప్యూటర్లంటే అంతే’ అన్న మాట ఈ నగరంలో వినాల్సి రావడం నాకు కష్టంగా ఉంది. ఇది ఏ.ఎస్. రావు గారి నాయకత్వంలో 1967లో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ మొదలైన ఊరు. ట్రాంబే అణు పరిశోధన కేంద్రంలో రూపొందిన టీడీసీ 12 కంప్యూటర్‌ను మన దేశంలో తయారుచేసి ఇచ్చిన ఊరు. కారణం లేకుండా ఏ కంప్యూటరూ ఆగదు. విండోస్ 95 వదలకుండా నడిపితే 49.7 రోజులకు బిగుసుకుపోయేది. మిల్లీసెకన్లు లెక్కపెట్టే 32 బిట్ల అంకె సరిగ్గా అప్పటికి నిండిపోవడమే కారణం. 1997 జులై 4న అంగారకుడి మీద దిగిన నాసా నౌక పాత్‌ఫైండర్ కూడా ఇలాగే ఉన్నట్టుండి తనంతట తాను రీసెట్ అయ్యేది. భూమి మీద దాని జంట యంత్రాన్ని అదే పనితో నడిపి, అదే తప్పు మళ్లీ తెప్పించి, చిన్న పని ఒకటి పెద్ద పనికి అడ్డం పడుతోందని తేల్చి, ఇక్కడినుంచే సరిచేశారు. అంత దూరాన ఉన్నదానికి కారణం వెతికినప్పుడు, గోడ పక్కన ఉన్నదానికి వెతకలేమా?

కాబట్టి మేం కోరుతున్నవి ఇవి.

1. పరికరాన్ని నడిపే కంప్యూటర్ పరికరంలో భాగమే. ఆస్తుల పట్టికలో, నిర్వహణ ఒప్పందంలో అలాగే రాయాలి. అది ఆగితే జవాబు చెప్పాల్సిన ఒక్క మనిషి పేరు ఆ గది తలుపు మీద ఉండాలి. ఈ ఉత్తరంలో మరేదీ చేయలేకపోతే ఇదొక్కటైనా చేయండి.

2. ‘రీస్టార్ట్ చేశాం, పనిచేస్తోంది’ అని ఏ ఫిర్యాదునూ మూయకూడదు. కారణం రాయాలి, లేదా కారణం ఇంకా దొరకలేదని రాసి తెరిచి ఉంచాలి. ఇది నా కోరిక మాత్రమే కాదు. ప్రయోగశాలల సామర్థ్యాన్ని గుర్తించే జాతీయ సంస్థ ఎన్‌ఏబీఎల్ ఇచ్చే గుర్తింపుకు ఆధారమైన ఐఎస్ఓ/ఐఈసీ 17025 ప్రమాణం 2017 ప్రతిలో 7.11 క్లాజు చదవండి. సమాచార వ్యవస్థ విఫలమైన ప్రతిసారీ దాన్ని, దానికి తీసుకున్న దిద్దుబాటు చర్యను నమోదు చేయాలని అందులో ఉంది. తనిఖీ వచ్చిన వారం మాత్రమే ఆ రిజిస్టర్లు రాయడం మానుకుందాం.

3. పరికరాలున్న గదుల్లో ఏసీ ఆపే ఉత్తర్వును వెంటనే సవరించాలి. రాత్రి నడిచే యంత్రానికి రాత్రి చల్లదనం కావాలి. ఆదా అయ్యే కరెంటు ఎంతో, పాడయ్యే వరుసలు ఎన్నో పక్కపక్కన రాసి చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది.

4. న్యూట్రల్, ఎర్త్ మధ్య వోల్టేజీని నెలకోసారి కొలిచి గోడ మీద రాయాలి. ఫిబ్రవరి నుంచి వానలు పడేదాకా ఎర్త్ పిట్‌లకు నీళ్లు పోసే బాధ్యత ఒకరికి అప్పగించాలి. ఫ్రీజర్లు, వాక్యూమ్ పంపులు, కంప్రెసర్లు పరికరం ఉన్న లైను మీద ఉండకూడదు. ఎక్స్‌టెన్షన్ బోర్డుకు ఇంకో ఎక్స్‌టెన్షన్ బోర్డు తగిలించే అలవాటు పోవాలి. దానికి ముందు సరిపడా ప్లగ్గులు ఇవ్వాలి.

5. సరఫరాదారులకు ప్రత్యేకంగా చెబుతున్నాను. కంప్యూటర్ నుంచి కొంతసేపు మాట వినిపించకపోతే పరికరం తనంతట తాను పంపు ఆపి, హీటరు ఆపి, భద్రమైన స్థితికి రావాలి. నీళ్లు తోసే పంపు దగ్గర ఇది ఒక సీసా ద్రావణం నష్టం. ప్రోగ్రాము చెప్పినట్టు వేడెక్కే కొలిమి దగ్గర ఇదే లోపం ఉంటే భవనం అంటుకుంటుంది. ప్రతి సీసా ఫలితం అప్పటికప్పుడు డిస్కులో పడాలి. వరుస మొత్తం అయ్యాక రాసుకునే సాఫ్ట్‌వేర్ మాకొద్దు. ఎర్రర్ నంబర్ల అర్థం మాకు ఇవ్వాలి. దుమ్ము దులపడానికి డబ్బా విప్పితే ఒప్పందం రద్దనే షరతు తీసేయాలి. పరికరం పదిహేనేళ్లు పనిచేస్తుందని అమ్మినవారు, ఆ పదిహేనేళ్లూ మద్దతున్న విండోస్ మీద నడిచే సాఫ్ట్‌వేర్ ఇవ్వాలి.

6. కొనుగోలు కమిటీలు ఈ అయిదో అంశంలోని ప్రతి మాటనూ టెండరు షరతుల్లో చేర్చాలి. కొన్న తర్వాత అడిగితే ఎవరూ వినరు, మేం చూశాం. బాగా నడుస్తున్న కంప్యూటర్ డిస్కుకు నకలు, ఒక అదనపు ఎస్ఎంపీఎస్ అలమరాలో సిద్ధంగా ఉండాలి.

7. కారణం వెతికే సమయాన్ని పని సమయంగా లెక్కించాలి. మా జూనియర్ రెండు రాత్రులు మేలుకుని ఉంటే, మర్నాడు ఆలస్యంగా వచ్చాడని హాజరు పట్టికలో ఎర్ర గీత పడింది. ఆ గీత కొట్టివేయాలి. పరికరాన్ని ఒక రోజు ఆపి, ఒకటొకటిగా మార్చి చూసే అధికారం దాన్ని నడిపే మనిషికి ఇవ్వాలి.

8. శాంపిల్ తెచ్చినవారికి ఆలస్యానికి అసలు కారణం రాతపూర్వకంగా చెప్పాలి. మళ్లీ రావాల్సి వస్తే బస్సు ఛార్జీ మనం ఇవ్వాలి.

ఈ ఉత్తరం అందిన నెల రోజుల్లో ఏది చేస్తారో, ఏది చేయలేరో, ఎందుకు చేయలేరో అంశాల వారీగా జవాబు ఇవ్వమని కోరుతున్నాను. మా రిజిస్టరు, ఫోటోలు, వేడి లెక్కలు, మల్టీమీటరు కొలతలు అన్నీ ఉన్నాయి. ఏ ప్రయోగశాల వాళ్లు వచ్చినా చూపిస్తాం, వాళ్ల గదికి మమ్మల్ని పిలిస్తే మీటరు పట్టుకుని వస్తాం. మర్రిగూడ మాస్టారు తెచ్చిన రెండో విడత నీళ్ల ఫలితం ఆయనకు పంపాం. ఆ మండలం నుంచే మరో పదకొండు బడుల సీసాలు వచ్చే వారం వస్తున్నాయి.

ఇట్లు,
ఒక టెక్నికల్ అసిస్టెంట్,
నీటి పరీక్షల ప్రయోగశాల, హైదరాబాద్